కొద్దిపాటి ఫిలిము, ఉన్నంత వెలుతురు

రేడియోలో పనిచేయువారు సినిమా ఛాయాగ్రహణమును గూర్చి మాటలాడుటయేమని శ్రోతలు ఆశ్చర్యపడవచ్చును. మా వృత్తి చెవికి సంబంధించినది. ఈ విషయము కంటికి సంబంధించినది. అయినను గత వేసవిలో ఒక చిన్న పని మమ్ము ఈ విషయములోనికి ఈడ్చుకొనిపోయినది. ఆ పనిలో మేము నేర్చుకొన్నవి, ఒకచోట పొరబడినవి కూడ, కొద్ది ధనముతో సొంతముగా చిత్రము తీయదలచిన యువజనులకు పనికివచ్చునను నమ్మకముతో ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము. అట్టి యువజనులు ఈనాడు ప్రతి పట్టణములోను ఉన్నారు. ఒకవేళ మీ యింటిలోనే ఉండవచ్చును.

ఒకనాటి మధ్యాహ్నము ఒక యువతియు, ఆమె సహాధ్యాయియగు ఒక యువకుడును మా వద్దకు వచ్చిరి. గుంట మగ్గము నడచునప్పటి ధ్వనిని చక్కగా రికార్డు చేయుట ఎట్లని వారడిగిరి. ఆ అమ్మాయి తాతగారు మంగళగిరిలో నేతపని చేయువారు. కంటిచూపు తగ్గినందున, అప్పుడు మగ్గముమీద ఉన్న పడుగు దిగిన తరువాత మరియొక పడుగు ఎక్కింపనని ఆయన ఇంటిలో చెప్పివేసినారు. ఆ పడుగులో ఇంకను నాలుగు చీరలు మిగిలియున్నవి. అవి పూర్తియగులోపల తాతగారి పనిని పది నిమిషముల చిత్రముగా తీయవలెనని వారి సంకల్పము.

వారి చేతిలో ఉన్నది 16 మిల్లీమీటర్ల బోలెక్స్ కెమెరా. ఆ అబ్బాయి మేనమామ ఒకప్పుడు వాడినది. దానికి విద్యుత్తుతో పనిలేదు. గడియారమునకు ఇచ్చినట్లు చేతితో కీ ఇచ్చిన చాలును. ఈ కాలములో చిత్రములన్నియు దాదాపుగా డిజిటల్ కెమెరాతోనే తీయుచుండగా ఈ కష్టమెందుకని మేము అడిగితిమి. మొహమాటపడి అడుగలేదు, నిజముగానే వారించితిమి. అందుకు ఆ అమ్మాయి ఇచ్చిన సమాధానము మాకు జ్ఞాపకమున్నది.

"డిజిటల్ కెమెరాతో ఒకసారి తీశామండీ. మూడు గంటలు తీశాం. తాత మగ్గం దిగి ఎప్పుడు వెళ్ళాడో మాకు తెలియలేదు. చూడటం మానేసి తీస్తూ కూర్చున్నాం."

ఆ మాట విన్న తరువాత మేము వాదించలేదు. ఫిలిమే గొప్పదని, డిజిటల్ తక్కువదని మా అభిప్రాయము కాదు. ఎవరికి ఏ పనిముట్టు చూపు నిలుపునో వారికది మంచిది. అయితే ఫిలిము కొనదలచినవారు ముందుగా లెక్క తెలిసికొనవలెను.

సెకనుకు 24 బొమ్మల చొప్పున నడచునప్పుడు 35 మిల్లీమీటర్ల ఫిలిము నిమిషమునకు 90 అడుగులు ఖర్చగును. 16 మిల్లీమీటర్ల ఫిలిము 36 అడుగులు మాత్రమే ఖర్చగును. ఈ యువజనుల కెమెరాలో పట్టునది నూరడుగుల చుట్ట. అది 2 నిమిషముల 46 సెకనులు వచ్చును. వారి డబ్బు, కడిగించు ఖర్చు, తరువాత కంప్యూటరులోనికి ఎక్కించు ఖర్చు కూడ కలుపుకొనిన, పదునారు చుట్టలకు సరిపోవును. అనగా మొత్తము 44 నిమిషములు. పది నిమిషముల చిత్రమునకు ఇది నాలుగింతలకు కొంచెము పైన. దానిని వ్యర్థము చేసినచో మరల కొనుటకు ధనము లేదు. కొనినను తీయుటకు పడుగు మిగిలియుండదు.

ఎవరో అనుభవజ్ఞులు వారికొక అంచనా వ్రాసి ఇచ్చిరి. పెద్ద దీపములు, వాటికి జనరేటరు, వాటిని మోయువారు, నాలుగు రోజుల కిరాయి. ఆ కాగితము ప్రకారము డబ్బులో సగము దీపములకే పోవును. మిగిలిన సగముతో ఎనిమిది చుట్టలు వచ్చును. మగ్గము ధ్వని సంగతి అడుగవచ్చినవారు చివరకు ఈ కాగితము మా ముందుంచి, ఏమి చేయుదుమని అడిగిరి.

ఇట్టి చిక్కు మన దేశములో కొత్తది కాదు. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' చిత్రమును 1952 అక్టోబరులో ప్రారంభించినప్పుడు ఆయనకుగాని, ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రకుగాని చిత్రము తీసిన అనుభవము లేదు. మిత్ర ఇరువది దాటి ఒకటి రెండేండ్ల యువకుడు. ఫ్రెంచి దర్శకుడు ఝాఁ రెన్వార్ కలకత్తా ప్రాంతములో 'ది రివర్' తీయుచుండగా, ప్రక్కన నిలుచుండి దీపములు ఎక్కడ పెట్టుచున్నారో చూచి పుస్తకములో బొమ్మలు వేసికొనుటయే ఆయన చదువు. తొలినాడు రెల్లుపూల పొలములో కొంత చిత్రించి, మరుసటి వారము తిరిగి వచ్చునప్పటికి ఆ పూలను పశువులు మేసిపోయినవి. ఆ పూలకొరకు మరుసటి ఋతువు వరకు ఆగవలసివచ్చినది. డబ్బులేక పని పలుమార్లు నిలిచిపోయినది. రాయ్ తన బీమా పత్రమును తాకట్టు పెట్టి, గ్రామఫోను రికార్డులు అమ్ముకొనవలసివచ్చినది. తుదకు పశ్చిమ బెంగాలు ప్రభుత్వము ధనమిచ్చి పూర్తిచేయించగా, ఆ చిత్రము 1955లో విడుదలైనది.

మన ప్రసంగమునకు ముఖ్యమైనది దాని తరువాతి చిత్రము, 1956లో వచ్చిన 'అపరాజితో'. కాశీలో హరిహరుని కుటుంబము నివసించు పాత ఇల్లు. నడుమ చావడి, పైన ఆకాశము. వానల భయముచేత కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త ఆ ఇంటిని కలకత్తా స్టూడియోలో కట్టదలచెను. మిత్ర ఒప్పుకొనలేదు. పైనుండి దిగు ఆకాశపు వెలుతురుకు నీడ ఉండదు. స్టూడియో దీపములతో అట్టి వెలుతురును తెచ్చుట సాధ్యము కాదని ఆయన వాదము. ఆ వాదము చెల్లలేదు. సెట్టు స్టూడియోలోనే లేచినది. అప్పుడాయన సెట్టుమీద తెల్లని గుడ్డను ఆకాశమువలె బిగించి, దీపములను క్రిందనుండి ఆ గుడ్డవైపు త్రిప్పెను. గుడ్డమీద పడి తిరిగివచ్చు వెలుతురు మాత్రమే మనుష్యులమీద పడెను. చూచినవారికి అది నిజమైన కాశీ ఇల్లుగానే తోచినది. ఇప్పుడు ప్రపంచమంతట ఛాయాగ్రాహకులు వాడు ఈ పద్ధతిని మన దేశములో ఇంత తొందరగా, ఇంత చక్కగా వాడుకలోనికి తెచ్చినది పెద్ద కంపెనీ కాదు, ఒక గుడ్డముక్క.

తరువాతి కాలములో చిన్న చిత్రములు తీసినవారు ఈ దారినే నడచిరి. ఫిలిం ఫైనాన్స్ కార్పొరేషను ఇచ్చిన అప్పుతో మృణాల్ సేన్ 1969లో 'భువన్ షోమ్' తీయగా, కె. కె. మహాజన్ సౌరాష్ట్రపు ఎండనే దీపముగా వాడుకొనెను. మన తెలుగులో బి. నరసింగరావు 1988లో తీసిన 'దాసి' చిత్రమునకు ఛాయాగ్రహణము చేసిన ఎ. కె. బీర్ జాతీయ బహుమతి పొందెను. తెలంగాణపు గడీ లోపలి చీకటిని చీకటిగానే ఉండనిచ్చిన చిత్రమది. చూడనివారు చూడవలసినది.

ఈ సంగతులు చెప్పి, అంచనా కాగితమును ప్రక్కన పెట్టి, లైట్ మీటరు తీసికొని మేము వారితో మంగళగిరికి పోయితిమి. ఫిలిము ఏది కొనవలెనని అడుగువారికి మేము మొదట చెప్పు మాట ఇదియే: దుకాణమునకు పోవుటకు ముందు, తీయబోవు గదిలో ఉదయమునుండి సాయంకాలమువరకు ఒక దినము కూర్చుండవలెను. వెలుతురును చూచిన తరువాత ఫిలిము. ఫిలిము కొని తరువాత వెలుతురును వెదకుట కాదు.

అది పెంకుటిల్లు. మగ్గపు గదికి తూర్పున ఒకే కిటికీ. తొమ్మిది గంటలకు ముందు ఎండ సూటిగా పడుగుమీద పడుచున్నది. అక్కడ కన్నులు మిరుమిట్లుగొలుపును, ప్రక్కనే ఏమియు కనబడదు. అది చిత్రమునకు తగిన సమయము కాదు. పది గంటలకు ఎండ తొలగి, ఆకాశపు వెలుతురు మాత్రము మిగిలినది. అప్పుడు తాతగారి ముఖమునకు కిటికీవైపున మీటరు 40 ఫుట్ కాండిళ్ళు చూపినది. రెండవవైపున 3 మాత్రమే. ఇంచుమించు పదమూడింతల భేదము. కన్ను ఈ భేదమును సర్దుకొనును; ఫిలిము అంత సులభముగా సర్దుకొనదు. అట్లే తీసినచో ముఖములో సగము మనిషి, సగము బొగ్గు.

ఆ అబ్బాయి తెచ్చిన ఒక దీపమును పరీక్షకొరకు వెలిగించి తాతగారి ఎదుట పెట్టెను. ఆయన నాడె ఆపివేసిరి.

"బాబూ, ఆ దీపం నా కంట్లో కొడితే పోగు కనపడదు. పోగు తెగినా తెలియదు. నన్ను పనిచేయనిస్తారా, కూర్చోబెడతారా?"

దీపము ఆర్పివేసిరి. అమ్మాయి ఇంటిలోనుండి ఉతికిన తెల్లని పంచె తెచ్చినది. రెండు వెదురుబద్దల నడుమ దానిని బిగించి, కిటికీకి ఎదురుగా, కెమెరాకు కనబడనంత దూరములో, తాతగారికి నాలుగడుగుల దగ్గరగా నిలిపితిమి. కిటికీ వెలుతురు పంచెమీద పడి తిరిగి ముఖముమీదకు వచ్చినది. 3 ఉన్నచోట మీటరు 10 చూపినది. పదమూడింతల భేదము నాలుగింతలకు దిగినది. నీడ నీడగానే ఉన్నది గాని అందులో చెంప, చెవి, తెల్లని గడ్డము కనబడుచున్నవి. తాతగారు మరల నాడె విసరిరి. కిరాయి ఏమియు లేదు.

ఇందులో ఒక జాగ్రత్త కలదు. అడ్డము పెట్టు గుడ్డ తెల్లనిదిగానే ఉండవలెను. మొదట గోడమీద ఎఱ్ఱని చీర ఒకటి వ్రేలాడుచుండెను. దాని ఛాయ తాతగారి తెల్లని బనీనుమీద పడి గులాబిరంగుగా కనబడినది. అట్టివాటిని తీసివేయవలెను. పంచెకు బదులు థర్మోకోలు పలక వాడవచ్చును. కిటికీలో ఎండ తీక్షణముగా ఉన్నచో బటరు పేపరు కట్టి దానిని మెత్తబరచవచ్చును. ఈ రెండును మన ఊళ్ళలో కాగితపు దుకాణములలో దొరకునవే.

ఇక ఫిలిము సంగతి. ప్రతి ముడి ఫిలిముకు ఒక వేగము, ఒక వెలుతురు స్వభావము ఉండును. వేగమును అంకెతో చెప్పుదురు. 50 అనిన నెమ్మదియైనది, ఎక్కువ వెలుతురు కోరునది, కాని బొమ్మ నునుపుగా ఉండును. 500 అనిన కొద్ది వెలుతురుతో తృప్తిపడునది, కాని బొమ్మలో రేణువులు కనబడును. 16 మిల్లీమీటర్ల బొమ్మ చిన్నది గనుక తెరమీదకు పెంచినప్పుడు ఆ రేణువులు మరింత కనబడును. వెలుతురు స్వభావము రెండు విధములు. పగటి వెలుతురుకు తయారైనవి కొన్ని. తంతి దీపముల పసుపు వెలుతురుకు తయారైనవి కొన్ని. కొడాక్ కంపెనీ విజన్ 3 రకములో పగటికి 50, 250. దీపములకు 200, 500 వేగములు గల ఫిలిములు ఉన్నవి.

గది చీకటిగా ఉన్నది గనుక 500 కొనవలెనని ఆ యువజనుల తలంపు. పదిమందిలో తొమ్మండుగురు అట్లే తలంతురు. కాని ఆ 500 దీపపు వెలుతురులో 500. పగటి వెలుతురులో దానితో తీసినచో బొమ్మ నీలముగా వచ్చును. నీలమును తీసివేయుటకు కెమెరా ముందు 85 అను నారింజరంగు ఫిల్టరు పెట్టవలెను. ఆ ఫిల్టరు కొంత వెలుతురును మింగివేయును; 500 కాస్త 320 అగును. ఏ ఫిల్టరు అక్కరలేని పగటి ఫిలిము 250. ఈ రెండింటికి ఉన్న తేడా కటకములో మూడవ వంతు మెట్టు మాత్రమే. అంత చిన్న లాభముకొరకు రేణువులను కొనితెచ్చుకొనుట ఎందుకు? ఫిల్టరు పెట్టక తీసి, నీలమును తరువాత కంప్యూటరులో సరిచేయువారు ఉన్నారు. తప్పనిసరియైనప్పుడు అదియు ఒక దారి. ఈ చిత్రములో చీర రంగే ముఖ్యము గనుక మేము ఆ దారిని సూచింపలేదు.

నలుపు తెలుపు ఫిలిమైతే కళాత్మకముగా ఉండునని ఆ అబ్బాయి కోరిక. ఈస్ట్‌మన్ డబుల్ ఎక్స్ అను నలుపు తెలుపు ఫిలిము 1959 నుండి ఉన్నది; పగటివేళ దాని వేగము 250. దీపము, సూర్యుడు కలిసిన చోట రంగుల తగవు లేకపోవుట దాని గుణము. అయితే దానిని కడుగు రసాయనములు వేరు; ఆ పని చేయు ల్యాబొరేటరీని ముందుగా విచారించుకొనవలెను. మేము ఈ మాట చెప్పుచుండగా తాతగారు పడుగు అంచున ఉన్న జరీని వ్రేలితో తాకి, మనుమరాలితో, "రంగు లేకుండా తీస్తే ఇది ఏ చీరో ఎవరికి తెలుస్తుందమ్మా?" అనిరి. ఆ చర్చ అంతటితో ముగిసినది.

తుదకు పగటి 250 ఫిలిము పన్నెండు చుట్టలు, రాత్రి దృశ్యమునకు 500 ఫిలిము నాలుగు చుట్టలు కొనవలెనని నిర్ణయమైనది. ఒకే రకపు చుట్టలన్నియు ఒకే తయారీ సంఖ్య గలవిగా కోరి తీసికొనవలెను. వేరువేరు తయారీలలో రంగు కొద్దిగా మారవచ్చును.

ఇక్కడ మా పొరపాటు చెప్పవలెను. నూరు వేగము గల ఫిలిముకు, కటకము ఎఫ్ 2.8 వద్ద ఉండగా, మామూలు కెమెరాలో నూరు ఫుట్ కాండిళ్ళు కావలెనని ఒక పాత లెక్క కలదు. 250 వేగమునకు 40 చాలును. కిటికీవైపున సరిగా 40 ఉన్నది. ఎఫ్ 2.8 వద్ద ధైర్యముగా తీయవచ్చునని మేము చెప్పితిమి. మా మాటమీద వారు మొదటి చుట్ట తీసి కడిగించిరి. బొమ్మ నల్లగా వచ్చినది. నీడలోని చెంప మరల బొగ్గైనది. మామూలు కెమెరాలో ఒక్కొక్క బొమ్మకు వెలుతురు సోకు కాలము సెకనులో 50వ వంతు. ఈ బోలెక్స్ కెమెరాలో రెప్ప ఇరుకైనది. పైగా చూచువాని కంటికి బొమ్మను పంపు ప్రిజము కొంత వెలుతురును తీసికొనును. రెండును కలిసి అది 80వ వంతుతో సమానమగును. అనగా 40 కాదు, 64 కావలెను. ఈ సంగతి మాకు తెలియదు. పదునారు చుట్టలలో ఒకటి మా అజ్ఞానమునకు చెల్లించిన మూల్యము.

కటకమును ఎఫ్ 2 వరకు తెరచిన పిమ్మట 32 చాలినది, ఉన్నది 40. కొంచెము ఎక్కువే. నెగటివు ఫిలిమునకు వెలుతురు కొంచెము ఎక్కువైన బాధలేదు. తక్కువైనచో నీడలు పోవును, పోయినవి తిరిగి రావు. డిజిటల్ కెమెరా స్వభావము దీనికి విరుద్ధము. అందులో ఎక్కువైన వెలుతురు తెల్లగా మాడిపోవును. ఎవరెంత చెప్పినను, ఏ పుస్తకములో చదివినను, ఒక చుట్ట పరీక్షకు కేటాయించుడు. మా మాటమీద పదునారు చుట్టలు తీసియున్నచో ఏమయ్యెడిదో తలచుకొనిన ఇప్పటికిని మాకు సిగ్గగును.

రాత్రి దృశ్యములో తాతగారి భార్య దీపము వద్ద కూర్చుండి కండెలు చుట్టుచుండును. 500 ఫిలిముకు, ఈ కెమెరాలో, ఎఫ్ 2 వద్ద 16 ఫుట్ కాండిళ్ళు కావలెను. నూరు వాట్ల తంతి బల్బు రెండున్నర అడుగుల దూరములో ఇంచుమించు అంత వెలుతురు ఇచ్చును. అదే బల్బును అయిదడుగుల దూరమునకు జరిపినచో వెలుతురు సగము కాదు, నాల్గవ వంతగును. దీపపు బలము పెంచుటకంటె దూరము తగ్గించుట చౌక. గదిలోని మిగిలిన భాగము కనబడుటకు ఒక హాలోజను దీపమును సున్నము కొట్టిన గోడవైపు త్రిప్పిరి. ఆ దీపము మిక్కిలి వేడెక్కును. నూలు ఉన్న ఇల్లు. కనుక దానిని గది వెలుపల, గుమ్మమునకు అవతల నిలిపి, ఒక మనిషిని కాపలా ఉంచిరి. చౌకరకపు ఎల్.ఇ.డి. దీపములతో రెండు చిక్కులున్నవి. కొన్ని మన కంటికి తెలియకుండ సెకనుకు నూరుమార్లు మినుకుమినుకుమనును; కెమెరా దానిని పట్టుకొనును. కొన్నింటిలో ఎఱుపు తక్కువ. ముఖములు పాలిపోయినట్లు వచ్చును. పరీక్షింపక వాడరాదు.

కొనిన ఫిలిమును కాపాడుట మరియొక పని. మన వేసవిలో కారులో విడిచిన చుట్ట ఒక మధ్యాహ్నములో చెడిపోవచ్చును. చల్లని చోట, మూత తీయక ఉంచవలెను. చలిలోనుండి తీసిన వెంటనే తెరువరాదు, చెమ్మ పట్టును. కొన్ని గంటలు బయట ఉంచి తెరువవలెను. తీసిన చుట్టను ఆలస్యము చేయక కడిగింపవలెను. విమానములో కొనిపోవునప్పుడు ఎక్స్‌రే యంత్రములో పెట్టక చేతితో పరీక్షింపుడని వినయముగా అడుగవలెను. ఫిలిము కడుగు ల్యాబొరేటరీలు మన దేశములో ఈనాడు బహు కొద్ది. అందుచేత మొదట ల్యాబొరేటరీతో మాటలాడి, తరువాత ఫిలిము కొనవలెను.

బోలెక్స్ కెమెరా ఒక కీకి దాదాపు 28 సెకనులు మాత్రమే నడచును. చివరి చీర దిగిన ఉదయము కిటికీ వెలుతురు బాగుగా ఉన్నది, పంచె తన చోట నిలిచియున్నది, కటకము సరిగా ఉన్నది. తాతగారు తుది పేక కొట్టుట, నాడెను ప్రక్కన పెట్టుట, కొంతసేపు ఊరకే కూర్చుండుట, అంతయు వచ్చినది. ఆయన కత్తి తీసికొని వస్త్రమును మగ్గమునుండి కోయబోవు క్షణమున కీ అయిపోయినది. అబ్బాయి మరల కీ ఇచ్చునప్పటికి చీర ఆయన ఒడిలో ఉన్నది. వారు ఆయనను మరల కోయుమని అడుగలేదు. కోయుటకు మగ్గముమీద మరేమియు లేదు. మిగిలిన ఫిలిముతో ఆయన చీరను మడత పెట్టుట తీసిరి.

తెరమీద ఆ చిత్రమును మేము చూచితిమి. కోత లేదు. నాడె ప్రక్కన పెట్టిన చేయి, తరువాత ఒడిలో చీర. నడుమ మేము వేరుగా రికార్డు చేసిన ధ్వనిలో కత్తి నూలును కోయు చప్పుడు ఒక్కటి వినబడును. ఆ చప్పుడు విని తాతగారు తల ఊపిరి. అమ్మాయికి మాత్రము ఆ లోటు తీరలేదు. ప్రతిసారి నిండుగా కీ ఇచ్చి మొదలుపెట్టియుండవలసినదని ఇప్పటికిని అనుచుండును. ఆమె మాట నిజము. ఇట్టి కెమెరా పట్టినవారందరు దానిని జ్ఞాపకముంచుకొందురు గాక.

చిత్రము తీయదలచిన యువజనులకు మేము చెప్పునది ఇంతే. మీరు తీయదలచిన గదిలోనికి రేపు ఉదయము పొండు. కెమెరా తీసికొనిపోవద్దు. వెలుతురు ఎటునుండి వచ్చుచున్నదో, ఏ గంటకు తిరుగుచున్నదో, ఎవరి ముఖముమీద నిలుచుచున్నదో కాగితముమీద వ్రాసికొనుడు. ఒక తెల్లని గుడ్డ పట్టుకొని అటునిటు తిరిగి చూడుడు. అప్పుడు ఏ ఫిలిము కావలెనో, ఎన్ని దీపములు అక్కరలేదో మీకే తెలియును. ఇక పెద్దలకు ఒక మనవి. మీ ఇంటి పిల్లలు పంచె పట్టుకొని కిటికీ ఎదుట నిలుచుండిన నవ్వకుడు. వీలైన ఆ పంచె రెండవ కొనను మీరు పట్టుకొనుడు.